మడమలోతు నీళ్లు

(ఫిబ్రవరి 2న, చిత్తడినేలల దినం సందర్భంగా హనుమకొండలోని ఒక డిగ్రీ కాలేజీలో ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్ చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లు కాస్త ముందుకు రండి. ఈ ట్రేలో ఏముందో అక్కణ్నుంచి కనబడదు. వాసన మాత్రం వస్తూనే ఉంటుంది. (నవ్వులు)

ఇది బురద. పొద్దున ఇటు వస్తూ దారిలో ఒక చెరువు దగ్గర బండి ఆపి, ప్యాంటు పైకి మడిచి, నీళ్లు మడమ దాకా వచ్చే చోట రెండు దోసిళ్లు ఎత్తుకొచ్చాను. పవర్‌పాయింట్ ఉందా సార్ అని మీ మేడమ్ అడిగారు. లేదమ్మా, ఇదే ఉంది అన్నాను.

పుల్లతో మెల్లగా కదుపుతున్నా, చూడండి. ఎర్రదారం ముక్కలాగా మెలికలు తిరుగుతోంది, కనబడిందా? దోమను పోలిన ఒక పురుగు పిల్ల అది. పెద్దయ్యాక కూడా కుట్టదు. సాయంత్రం చెరువుకట్ట మీద దీపాల చుట్టూ ముసురుకునేవాటిలో ఇవీ ఉంటాయి. దీని ఒంట్లో హిమోగ్లోబిన్ ఉంటుంది, మన రక్తంలో ఉన్నట్టే. గాలి సరిగ్గా అందని బురదలో బతకాలి కదా, అందుకు ఆ ఏర్పాటు. ఇదిగో, కందిగింజంత నత్త. ఇదేమో వానపాముకు దూరపు చుట్టం. ఇంకా వెతికితే ఇంకా దొరుకుతాయి గానీ, బురద బల్ల మీద ఒలికితే ఇక్కడ ఊడ్చే అక్క నన్ను ఊరుకోదు.

వీటిని తినడానికి ఉత్తర ధ్రువం అంచుల నుంచి పిట్టలు వస్తాయి. మన చెరువులకు. ఇవాళ నేను మాట్లాడేది ఆ పిట్టల గురించి, ఆ మడమలోతు నీళ్ల గురించి.

ఎవరి జేబులోనైనా పది రూపాయల బిళ్లలు మూడు ఉన్నాయా? ఉంటే అరచేతిలో పెట్టుకుని తూచి చూడండి. 23 గ్రాములు ఉంటాయి. లిటిల్ స్టింట్ అనే పిట్ట ఇంచుమించు అంతే బరువు. ఇది రష్యా ఉత్తరపు కొసన, చెట్టన్నది మొలవని టండ్రా నేలల్లో జూన్, జూలైలలో గుడ్లు పెట్టి, చలికాలానికి మన దగ్గరికి దిగుతుంది. ఏప్రిల్, మే వచ్చేసరికి మళ్లీ దారి పడుతుంది. ఇవన్నీ వచ్చిపోయే బాటకు సెంట్రల్ ఏషియన్ ఫ్లైవే అని పేరు. ఆ బాటలో 30 దేశాలున్నాయి.

వీటి జాతివాళ్లు ఎంత దూరం ఎగరగలరో తెలియాలంటే ఒక్క ముచ్చట చెబుతా. 2022 అక్టోబరులో అలాస్కాలో బయల్దేరిన ఒక బార్-టెయిల్డ్ గాడ్‌విట్, ఎక్కడా దిగకుండా, తిండి లేకుండా, నీళ్లు లేకుండా 11 రోజులు ఎగిరి ఆస్ట్రేలియా దక్షిణాన టాస్మేనియాలో వాలింది. 13,560 కిలోమీటర్లు. దానికి అప్పుడు వయసు ఐదు నెలలు. అది మన చెరువులకు వచ్చే పిట్ట కాదులెండి. దాని దాయాది, నల్లతోక గాడ్‌విట్, మన దగ్గరికి వస్తుంది. బయల్దేరే ముందు ఇవి ఒళ్లంతా కొవ్వు పట్టిస్తాయి. ఎగిరేటప్పుడు పనిలేని పేగులనూ కడుపునూ కుదించుకుంటాయి. దిగాక మళ్లీ పెంచుకుంటాయి. మనం ప్రయాణానికి పులిహోర కట్టుకుంటాం, అవి పొట్ట తీసి ఇంట్లో పెట్టి వెళ్తాయి. (నవ్వులు) అంత దూరం ఎగిరి వచ్చిన పిట్టకు దిగగానే కావలసింది తిండి, అదీ తేలిగ్గా దొరికే తిండి. అంటే ఈ ట్రే.

పేర్ల సంగతి. మనకు కొంగల్లో చాలా పేర్లున్నాయి. గుడ్డికొంగ, నారాయణ పక్షి, నత్తగుల్లలు తినే గుల్లకొంగ. తీతువకు పేరుంది. కానీ ఈ చిన్నచిన్న బురదపిట్టలకు వచ్చేసరికి ఊళ్లో ఎవరిని అడిగినా 'ఉల్లంకులు' అనో, 'నీళ్ల పిట్టలు' అనో చెప్పి ఊరుకుంటారు. తప్పేం లేదు, పుస్తకం పట్టుకుని తిరిగేవాళ్లకు కూడా అవి గందరగోళమే. ముప్ఫై ఏళ్లుగా చూస్తున్నా, ఎండ కళ్లలో పడితే వుడ్ శాండ్‌పైపర్‌కూ గ్రీన్ శాండ్‌పైపర్‌కూ తేడా నాకిప్పటికీ ఎగిరాకే తెలుస్తుంది. గ్రీన్ అయితే రెక్కల కింద నల్లగా ఉంటుంది. వుడ్ అయితే లేతగా.

ఇప్పుడు అసలు విషయం. టేపు అక్కర్లేదు, మన పాత కొలతలు ఈ పనికి చక్కగా సరిపోతాయి. లిటిల్ స్టింట్‌కు గోరు మునిగేంత నీళ్లు చాలు, అసలు నీళ్లు లేని తడిబురద అయినా సరే. వుడ్ శాండ్‌పైపర్ వేలి కణుపు లోతులో తిరుగుతుంది. పొడుగు కాళ్ల పిట్ట ఒకటుంది, బ్లాక్-వింగ్డ్ స్టిల్ట్. ఒళ్లు తెల్లన, రెక్కలు నల్లన, కాళ్లు గులాబీ రంగులో జానెడు పొడుగు. అది బెత్తెడు లోతు దాకా, ఇంకొంచెం కూడా పోతుంది. పెద్దకొంగలు మోకాలు తాకే నీళ్లలో నిలబడతాయి. అక్కణ్నుంచి లోపలంతా బాతులది, నీటికాకులది. అంటే మన కంటికి ఒకే చెరువు, పిట్టల లెక్కన అందులో అరడజను అంతస్తులు. ఎవరి అంతస్తు వాళ్లది. వుడ్ శాండ్‌పైపర్‌కు ఒక జానెడు లోతు పెరిగిందంటే అక్కడ చెరువు లేనట్టే లెక్క.

ఈ సంగతి నాకు పుస్తకం కంటే ముందు ఒక నీరటి చెప్పాడు. ఇప్పటి పిల్లలకు నీరటి అంటే తెలియకపోవచ్చు. తూము తీసి ఏ పొలానికి ఎంత నీళ్లు పోవాలో చూసే మనిషి. నేను కొత్తగా బైనాక్యులర్స్ కొనుక్కుని ఆ ఊరి చెరువులోకి దిగబోతుంటే కట్ట మీంచి కేకేశాడు. "సారూ, గా చిన్న పిట్టలు దిగినకాడ పాదం కూడ మునగది, పో. గా పొడుగు కాళ్లది నిలవడ్డకాడ బెత్తెడు ఉంటది. కొంగ ఉన్నకాడికి మాత్రం పోకు, గుంజుకపోతవ్." నేను బీఎస్సీ పిల్లలకు అప్పటికే పదేళ్లుగా పక్షుల గురించి పాఠం చెబుతున్నా. ఆ ఒక్క మాటలో ఉన్నంత నా నోట్సులో లేదు.

ఇంతకీ బురద మెత్తగానే ఎందుకుండాలి? ఉల్లంకి ముక్కు చూస్తే పుల్లలాగా ఉంటుంది. కానీ దాని కొనలో కంటికి ఆనని గుంటలుంటాయి, వాటిలో నరాల కొసలు. బురదలో గుచ్చితే, పురుగు కదిలినా, తడి మట్టిలో ఏదైనా గట్టి వస్తువు నొక్కుకున్నా తెలిసిపోతుంది. కొన్నింటికి ఇంకో విద్య కూడా ఉంది. ముక్కు మొత్తం తెరవకుండా పై దవడ కొన ఒక్కటే, పట్టుకారు తెరిచినట్టు, మట్టి లోపలే తెరుస్తాయి. చీకట్లో కూడా తినగలవు. అయితే ఈ విద్యంతా తడిమట్టిలోనే పనిచేస్తుంది. ఎండి గట్టిపడితే ముక్కు దిగదు. నీళ్లు ఎక్కువైతే ముక్కు అందదు. మధ్యన ఆ పదును ఒకచోట కొన్ని రోజులే ఉంటుంది. దుక్కికి పదును ఎన్నాళ్లుంటుందో రైతునడగండి, ఇదీ అంతే.

అలాంటప్పుడు ఆరు నెలలు ఎలా గడుస్తుంది? ఇక్కడే మన చెరువుల కట్టుబడి చూడాలి. కాకతీయులు పాకాల, రామప్ప, లక్నవరం కట్టి ఎనిమిది వందల ఏళ్లు. వాళ్లు తవ్విన గుంతలు కావవి. వాలు నేల చూసుకుని, కింది వైపు కట్ట వేసి, నీళ్లను ఆపారు. ఊరూరా ఉన్న చిన్న చెరువులదీ ఇదే పద్ధతి. కాబట్టి కట్ట దగ్గర లోతు, దానికి ఎదురుగా నీళ్లొచ్చే దిక్కున, శిఖం వైపు, అంటే నీళ్లు తగ్గితే తేలే చెరువు నేల వైపు, నేల మెల్లగా, పళ్లెం అంచులాగా పైకి లేస్తుంది. ఆ వాలు నూటికి ఒకటి అనుకుందాం. యాసంగికి తూము తీశారు, కొంత ఎండకు ఆవిరైంది, నీటిమట్టం ఒక సెంటీమీటరు దిగింది. అప్పుడు శిఖం వైపు ఒక మీటరు వెడల్పు కొత్త బురద బయటపడుతుంది, చెరువు అంచు ఎంత పొడుగుంటే అంత పొడుగునా. మర్నాడు ఇంకో మీటరు. రోజూ తెల్లారేసరికి కొత్త విస్తరి వేసినట్టే. నిన్నటి విస్తరి ఎండిపోతుంది, దానిమీద గడ్డి మొలుస్తుంది, గొర్లు మేస్తాయి, వాటి పెంట మళ్లీ వానలకు నీళ్లలో కలిసి వచ్చే ఏటి పురుగులకు మేత అవుతుంది.

ఇప్పుడు అదే చెరువుకు చుట్టూ రాళ్లు పేర్చి, నిలువు గోడ లాంటి గట్టు వేశామనుకోండి. నీళ్లు సెంటీమీటరు దిగితే బయటపడేది సెంటీమీటరు గోడ. మీటరు దిగితే మీటరు గోడ. విస్తరి లేదు. దూరం నుంచి చూస్తే చెరువు అందంగా, నిండుగా, అద్దంలా ఉంటుంది. సెల్ఫీలకు బాగుంటుంది.

ఇంకొకటి, మన దగ్గర గొలుసుకట్టు. పై చెరువు మత్తడి దూకితే కింది చెరువులోకి, అది నిండితే దానికింది దాంట్లోకి. ఇందులో చిన్న కుంటలు ముందు ఎండుతాయి, డిసెంబరు కల్లా. నడిపి చెరువులు ఫిబ్రవరిలో, పెద్దవి ఏప్రిల్‌లో. ఉల్లంకులు ఈ గొలుసును పట్టుకునే కిందికి దిగుతూ పోతాయి, ఒకచోట పదును అయిపోగానే ఇంకోచోటికి. కుంట అంటే ఎవరికీ లెక్క లేదు. ఎండాకాలం ఉత్తగా కనబడుతుంది కదా, ముందు మట్టి పోస్తారు, తర్వాత హద్దురాళ్లు పాతుతారు. పెద్ద చెరువు కోసం ధర్నా చేసేవాళ్లు ఉన్నారు, కుంట కోసం చేసినవాళ్లను నేను చూడలేదు. పిట్టల లెక్కన నవంబరు, డిసెంబరు నెలల తిండి అంతా కుంటల్లోనే ఉంటుంది.

పొలాల గురించి కూడా చెప్పాలి. యాసంగికి కరిగెట కొట్టిన మడి చూశారు కదా. ట్రాక్టరు కేజ్‌వీల్స్ తిరుగుతుంటే వెనకాలే కొంగలు బారులు కడతాయి. ట్రాక్టరు వెళ్లాక, నాటు పడ్డ తొలి రోజుల్లో, వుడ్ శాండ్‌పైపర్లు వస్తాయి. పొలం అప్పుడు అచ్చమైన మడమలోతు చిత్తడినేల. వరి గుబురు కట్టాక వాటికి అక్కడ చోటుండదు. పొలం చెరువుకు బదులు కాదు, చెరువుకు తోడు.

ఇప్పుడు మీకు కోపం రావచ్చు. తెలంగాణలో పుట్టి, నిండు చెరువు వద్దంటున్నాడేమిటి ఈయన అని. నేను కరువు చూసినవాణ్ని. బోర్లు ఎండి, ఊళ్లకు ఊళ్లు వలస పోయిన రోజులు తెలుసు. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు, 46 వేల చెరువులు బాగుచేస్తామంటే సంతోషించినవాళ్లలో నేనూ ఒకణ్ని. పూడిక తీయాల్సిందే. తీసిన ఒండ్రు పొలాలకు తోలుకోవాల్సిందే, అంతకు మించిన ఎరువు లేదు. నా పేచీ తీసే పద్ధతితో. వెనకటికి ఎడ్లబండ్లతో తీసేటప్పుడు బండి దిగి ఎక్కాలి కాబట్టి వాలు దానంతటదే మిగిలేది. జేసీబీకి వాలుతో పనిలేదు, నిట్టనిలువు గోతులు పెడుతుంది. అందులో పిట్టే కాదు, ఈతరాని పిల్లలు కూడా పోతున్నారు.

కాలువ నీళ్లతో చెరువులు నింపడం ఇంకో సంగతి. రైతుకు మేలే, కాదనను. కానీ స్టిల్ట్‌లు మన దగ్గరే ఉండి, మన దగ్గరే గుడ్లు పెట్టే పిట్టలు. ఏప్రిల్, మే నెలల్లో ఇంకిపోతున్న చెరువు మధ్యలో చిన్న మట్టిదిబ్బల మీద గూడు కడతాయి. నీళ్లు కొంచెం పెరిగితే పుల్లలు, మట్టిపెళ్లలు చేర్చి గూటిని ఎత్తు చేసుకుంటాయి, ఆ తెలివి వాటికుంది. రాత్రికి రాత్రి రెండడుగులు పెరిగితే ఏం చేస్తాయి? ఒకసారి నేను శనివారం గూళ్లు చూసి వచ్చి, మర్నాడు మనవణ్ని వెంటబెట్టుకుని వెళ్లా. చెరువు నిండా నీళ్లు. వాడు "తాతా, పిట్టల ఇళ్లేవి?" అన్నాడు. పైన స్టిల్ట్‌లు గోల చేస్తూ తిరుగుతున్నాయి. కట్ట మీద రైతులు కొబ్బరికాయ కొడుతున్నారు. ఎవరి సంతోషాన్ని తప్పుపడతాం చెప్పండి.

తప్పు అంటే, నాది ఒకటుంది. చెప్పి తీరాలి.

తీతువ మీ అందరికీ తెలుసు. ఇంగ్లీషువాళ్లకు దాని అరుపు 'డిడ్ యూ డూ ఇట్' అని వినిపించింది. మనకు తీతువ కూస్తే చావు కబురని భయం. సముద్రం మీద కోపగించి దాన్ని ఎండబెడతానన్న టిట్టిభం కథ విన్నారు కదా, అదీ ఈ పిట్టే. ఒక ఏప్రిల్‌లో ఎండిన చెరువులో దాని గూడు దొరికింది. గూడంటే ఏమీ లేదు, నేలమీద కాలితో గీరిన చిన్న గుంట, చుట్టూ గులకరాళ్లు, నాలుగు గుడ్లు. గుడ్లు కూడా రాళ్ల రంగే. ఐదడుగుల దూరంలో నిలబడి కూడా ఒకసారి కళ్లు పక్కకు తిప్పితే మళ్లీ వెతుక్కోవాల్సిందే. నేను ట్రైపాడ్ వేశా. నెత్తిన గొడుగు పట్టుకుని, నీళ్ల సీసా పక్కన పెట్టుకుని కూర్చున్నా. పిట్ట పైన ఒకటే అరుపు. భయం తగ్గాక అదే వస్తుందిలే అనుకున్నా. అరగంట దాటింది. మిట్టమధ్యాహ్నం, వరంగల్ ఏప్రిల్ ఎండ, మీకు చెప్పేదేముంది.

దూరంగా బర్లు కాసే పిల్లగాడొకడు అరిచాడు. "ఓ సారూ, నువ్ జెర జరుగు, గది ఎండకు ఆగమైతాంది!" అప్పుడు లేచా. వంద గజాలు పోయి వెనక్కి చూశా. పిట్ట గుడ్ల దగ్గరికి రాలేదు. నేరుగా మిగిలిన నీళ్ల మడుగులోకి ఉరికి, పొట్ట ముంచి, ఒళ్లు ఊపి, తడి ఈకలతో పరుగెత్తుకొచ్చి గుడ్ల మీద కూర్చుంది. కాసేపటికి లేచి మళ్లీ మడుగుకు. అప్పటిదాకా పొదగడమంటే గుడ్లను వెచ్చగా ఉంచడమనే నేను పాఠం చెప్పింది. మన ఎండల్లో పొదగడమంటే సగం చల్లబరచడం. గొడుగు నా నెత్తిన ఉంది, ఆ గుడ్లకు గొడుగు ఆ పిట్టే. నేను దాన్ని అరగంట తీసేశాను. నాలుగింటిలో మూడే పిల్లలయ్యాయి. నాలుగోది నా వల్లే పోయిందని చెప్పలేను, కాదని కూడా చెప్పలేను. ఆ ఫోటో ఇప్పటికీ ఎవరికీ చూపించలేదు. ఇప్పుడు సెల్‌ఫోన్ పట్టుకుని గూటి పక్కనే కూర్చునేవాళ్లను చూస్తే ఆ పిల్లగాడి మాటే నేనూ అరుస్తున్నా.

గంభీరంగా అయిపోయారందరూ. సరే, ఒక సరదా సంగతి. తామరాకుల మీద నడిచే జకానా ఉంది. కాలివేళ్లు ఎంత పొడుగంటే, బరువు ఆకంతా పరుచుకుని ఆకు మునగదు. తుంగలో దాక్కుని తిరిగే పెయింటెడ్ స్నైప్ అని ఇంకొకటి. ఈ రెండింట్లోనూ సంసారం తిరగేసి ఉంటుంది. గుడ్లు పెట్టడం వరకే ఆడదాని పని. పెట్టేసి ఇంకో జోడు వెతుక్కుంటుంది. పొదగడం, పిల్లల్ని తిప్పడం, కాపలా, అంతా మగదాని వంతు. జకానా తండ్రి ప్రమాదం వస్తే పిల్లల్ని రెక్కల కింద ఇరికించుకుని నడుస్తాడు, చంకలోంచి పిల్లల కాళ్లు వేలాడుతుంటాయి. (నవ్వులు, చప్పట్లు) అమ్మాయిలే ఎక్కువ చప్పట్లు కొడుతున్నారు, గమనించాను.

చట్టం సంగతి క్లుప్తంగా. 1971లో ఇదే ఫిబ్రవరి 2న ఇరాన్‌లో, కాస్పియన్ సముద్రం ఒడ్డున రామ్‌సర్ అనే ఊళ్లో చిత్తడినేలల ఒప్పందం కుదిరింది. నీటిపక్షుల ఆవాసంగా వాటిని కాపాడాలని ఆ ఒప్పందం పేరులోనే ఉంది. 1982లో మన దేశం చేరింది. తెలుగునేల మీద కొల్లేరుకు 2002లో ఆ ఒప్పందం కింద రామ్‌సర్ చిత్తడినేలగా గుర్తింపు వచ్చింది. బాగుంది. కానీ 2017లో కేంద్రం తెచ్చిన చిత్తడినేలల నియమాలు తెరిచి నిర్వచనం చదవండి. వరి పొలాలు అందులోకి రావు. నదీ ప్రవాహాలు రావు. తాగునీటి కోసం మనిషి కట్టినవి, సాగునీటి కోసం ప్రత్యేకంగా కట్టినవి కూడా రావు. మరి మన దగ్గర చెరువంటేనే సాగుకు కట్టింది! పాకాలకు అభయారణ్యం రక్షణ వేరే ఉంది, అది వేరే సంగతి. మీ ఊరి చెరువు మాత్రం ఈ నిర్వచనం ప్రకారం చిత్తడినేల అవునో కాదో లాయర్లు వాదించుకోవాలి. లిటిల్ స్టింట్‌కు ఈ నిర్వచనం తెలియదు, ఎనిమిది వందల ఏళ్ల నాటి సాగునీటి కట్టడంలో దిగి తింటోంది. అది కట్టిన రాజు పేరు కూడా దానికి అక్కర్లేదు.

పిట్టలు నిజంగా తగ్గుతున్నాయా అని ఇందాక లోపల ఒక అబ్బాయి అడిగాడు. దేశంలో పక్షుల పరిస్థితి మీద 2023లో వచ్చిన నివేదిక 942 జాతులను పరిశీలించింది. దాదాపు 30 వేల మంది మామూలు మనుషులు, మీలాంటివాళ్లు, ఏళ్ల తరబడి రాసి పెట్టిన లెక్కలే దానికి ఆధారం. దూరదేశాల నుంచి వచ్చే వలసపక్షులు, అందులోనూ ఈ ఒడ్డుపిట్టలు, బాగా దెబ్బతిన్నవాటిలో ఉన్నాయి. ఇక్కడి చెరువు ఒక్కటే కారణమని నేననను. ఎండాకాలం వాటి ఇల్లు టండ్రా, అక్కడ వేడి పెరుగుతోంది. దారిలో ఆగే చోట్లు మారుతున్నాయి. కానీ ఆ టండ్రాను మనం ఇక్కడ కూర్చుని బాగుచేయలేం. మన శిఖం భూమి మన చేతిలో ఉంది.

నీటిపక్షుల లెక్క ప్రతి జనవరిలో జరుగుతుంది, మన దేశంలో 1987 నుంచి. పోయిన నెల నేను కూడా వెళ్లాను. దాంట్లో పెద్ద చదువేం అక్కర్లేదు. పొద్దున్నే లేవాలి, ఓపికగా లెక్కపెట్టాలి, తెలియనిదాన్ని తెలియదని రాయాలి. మూడోది కష్టం.

ఆ లెక్కలో జరిగింది చెప్పి కూర్చుంటాను. వరంగల్‌కు గంట ప్రయాణంలో ఒక ఊరు, పేరు వద్దు. రెండేళ్ల కింద ఆ చెరువు చుట్టూ వాకింగ్ ట్రాక్ వేయాలని తీర్మానం చేశారు. చుట్టూ రాతిగట్టు, పైన టైల్స్, బెంచీలు, లైట్లు. నేను వెళ్లి పెద్దమనుషులను కూర్చోబెట్టి ఇప్పుడు మీకు చెప్పిందంతా చెప్పాను, ట్రేతో సహా. ఆడవాళ్లు చాలామంది వచ్చారు. ఒకామె అన్నది నాకు బాగా నచ్చింది. "సద్దుల బతుకమ్మ నాడు మేం శిఖం దిక్కే దిగుతం సారు. ఆడ జారది, నీళ్లు కాళ్లకు అందుతయ్. గోడ కడితే బతుకమ్మను పైకెల్లి ఇసిరేయాల్నా?" ఉల్లంకులు వచ్చేది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే, దిగేది ఆ వాలులోనే. నేను గంట చెప్పింది ఆమె ఒక ముక్కలో చెప్పేసింది. అందరూ తలలూపారు. మూడో వంతు అంచును ముట్టుకోకుండా వదిలేద్దామన్న నా మాట కూడా రాసుకున్నారు.

తర్వాత పని మొదలైంది. కట్ట వైపు నుంచి కట్టుకుంటూ వచ్చారు, రాసుకున్న కాగితం ఏమైందో తెలియదు. శిఖం దాకా కూడా ముగ్గు పోసి రాళ్లు దించారు. అక్కడ ఆగింది. కాంట్రాక్టరుకు బిల్లు రాలేదట. పోయిన నెల లెక్కకు వెళ్తే రాళ్ల కుప్పలు అలాగే ఉన్నాయి, వాటి మీద కుక్క పడుకుని ఉంది. కుప్పలకు అవతల, ముగ్గు గీత మీదుగా దిగిన బురదలో, వుడ్ శాండ్‌పైపర్లు తింటున్నాయి. నా పక్కనున్న మాజీ వార్డు మెంబరు నవ్వి, "మీ పిట్టలకు బిల్లు ఆగుడే మంచిదైంది సారు" అన్నాడు. మార్చిలోపు బిల్లు వస్తుందని కూడా చెప్పాడు.

ట్రే ఇక్కడే ఉంటుంది, దగ్గరికొచ్చి చూసేవాళ్లు చూడండి. మధ్యాహ్నం దీన్ని తీసుకెళ్లి తెచ్చినచోటే పోసి రావాలి.